దాదా పేనిన ఆర్‌ఎన్‌ఏ

ఆర్‌ఎన్‌ఏ అనే మాట ఇంకా చాయ్ బండి దాకా రాని రోజులవి. తర్వాత జబ్బొకటి వచ్చి, దానికి టీకా వచ్చి, ఆ టీకాలో ఆర్‌ఎన్‌ఏ ఉందట అని తెలిసి, మా రేగొండ బస్టాండులో మిర్చి బజ్జీలు వేసే ఆయన కూడా దాని గురించి సొంత అభిప్రాయం ఒకటి ఏర్పరచుకున్నాడు. కానీ మేము ఇంటర్ చదివే నాటికి లోకంలో ఉన్నది డీఎన్‌ఏ ఒక్కటే. సినిమాలో తప్పిపోయిన కొడుకు దొరకాలంటే డీఎన్‌ఏ, పేపర్లో దొంగ దొరకాలంటే డీఎన్‌ఏ, ఆఖరికి మా మేనమామ నా మార్కులు విని "చదువు మనోళ్ల డీఎన్‌ఏలనే లేదు" అని నిట్టూర్చడానికి కూడా డీఎన్‌ఏనే. ఆర్‌ఎన్‌ఏ పాఠ్యపుస్తకంలో దాని తర్వాతి పేజీలో ఉండేది. ఆ పేజీ వచ్చేసరికి మామూలుగా గంట కొట్టేవారు. అలాంటి పేజీ కోసం నేనొక పెద్దమనిషితో, అదీ కోటు వేసుకున్న పెద్దమనిషితో, నలుగురి ముందు వాదం పెట్టుకున్నానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. (అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు. వాదం మాత్రం వచ్చింది.)

మాది భూపాలపల్లి జిల్లా, చదివింది మహబూబాబాద్‌లో. దగ్గరున్న ఊళ్లన్నీ వదిలేసి అంత దూరం ఎందుకంటే, మా బాపు లెక్క ప్రకారం వరంగల్‌లో సినిమా టాకీసులు ఎక్కువ, మహబూబాబాద్‌లో తక్కువ. (ఆ తక్కువే నాకు సరిపోయాయని ఆయనకు ఇప్పటికీ తెలియదు.) అదొక ప్రైవేటు కాలేజీ, దానికి తోక లాగా ఒక హాస్టలు. కాలేజీలో అన్ని గదులూ ఒకేలా ఉండేవి, బోర్డు, బెంచీలు, తిరగని ఫ్యాను. ఒక్క బాటనీ ల్యాబు మాత్రం వేరు. అక్కడ ఫ్యాను తిరిగేది. రెండు సూక్ష్మదర్శినులు ఉండేవి, అందులో ఒకదానికి అద్దం పగిలింది కాబట్టి దాన్ని పట్టుకుని ఫోటోలు దిగేవాళ్లం. రెండోదాంట్లోనే నేను మొదటిసారి ఉల్లిపొర పెట్టి కణాలు చూశాను. అంతకుముందు కణం అంటే నాకు పుస్తకంలో గీసిన కోడిగుడ్డు. అద్దంలోంచి చూస్తే ఇటుకలు పేర్చిన గోడలా ఒకదాని పక్కన ఒకటి, నిజంగానే ఉన్నాయి. ఎవరో చెప్పారని కాక నా కంటితో చూసి నమ్మిన మొదటి సంగతి అదే. అందుకని ఆ గదంటే నాకు కొంచెం పిచ్చి. ఈ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే నన్ను మంచి విద్యార్థి అనుకునే ప్రమాదం ఉంది.

ఆ గది మీద మా ప్రిన్సిపాల్ కన్ను పడింది. ఆయన లెక్కల మనిషి. ఏది చూసినా అందులో ఏం తక్కువైందో ముందు కనబడేది కాబట్టి మేము మైనస్ సారు అనేవాళ్లం. హాస్టలు బియ్యం బస్తాలు వరండాలో ఎలుకల పాలవుతున్నాయి, ల్యాబుకు తలుపూ తాళమూ ఉన్నాయి, కాబట్టి బస్తాలు ల్యాబులోకి, ల్యాబు బీరువాలోకి అని ఆయన తీర్మానించారు. మా బాటనీ సారు బతిమాలారు. జేబులో ఎప్పుడూ ఏదో ఒక ఆకు పెట్టుకుని తిరిగే ఆయనను మేము ఆకుల సారు అనేవాళ్లం. గొంతు పెంచడం రాని మనిషి, అలాంటాయన బతిమాలితే వరండాలో ఎలుక్కి కూడా వినబడలేదు. చివరికి మైనస్ సారు ఒక బేరం పెట్టారు. జనగామలో సైన్స్ ఫెయిర్ ఉంది, అక్కడ మన కాలేజీకి ప్రైజు వస్తే ల్యాబు ఉంటది, రాకపోతే బియ్యం ఉంటది.

ప్రైజు కోసం వెళ్లేవాడు ఎవడైనా డీఎన్‌ఏ చేస్తాడు. మెలికలు తిరిగిన నిచ్చెన, రంగుల బంతులు, చూడగానే అర్థమైనట్టు అనిపిస్తుంది. ఆకుల సారు మాత్రం, ప్రతి ఏడూ ప్రతి కాలేజీ అదే తెస్తుంది, మనం ఆర్‌ఎన్‌ఏ చేద్దాం అన్నారు. జీవితంలో ఆయన తీసుకున్న ఏకైక సాహస నిర్ణయం అది, సరిగ్గా మా ల్యాబు మీదే తీసుకున్నారు. దానికి మనుషులు కావాలంటే నేనూ, నా గది స్నేహితుడు బుల్లెట్టూ చెయ్యెత్తాం. బుల్లెట్‌ది మరిపెడ పక్కన ఒక తండా. వాడు అన్నం తినడం మొదలుపెడితే మేమంతా తిని, చేతులు కడుక్కుని, ఒక నిద్ర తీసి లేచేదాకా తింటూనే ఉండేవాడు కాబట్టి ఆ పేరు.

సారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తుంది. ఆర్‌ఎన్‌ఏ అంటే ఒక పొడవాటి దండ. దండలో ఒక్కో పూసకు మూడు భాగాలు, ఒక చక్కెర, ఒక ఫాస్ఫేటు, ఒక క్షారం. చక్కెరా ఫాస్ఫేటూ ఒకదాని తర్వాత ఒకటి కలిసి తాడు అవుతాయి, క్షారాలు పక్కకు వేలాడుతాయి. ఆ క్షారాలు నాలుగు రకాలు, అడినిన్, గ్వానిన్, సైటోసిన్, యురాసిల్. దీని పని డీఎన్‌ఏ కబురు మోసుకెళ్లి ప్రోటీన్లు చేయించడం, పనయ్యాక విడిపోతుంది. డీఎన్‌ఏకూ దీనికీ తేడా మూడు చోట్ల. దాంట్లో యురాసిల్ బదులు థైమిన్ ఉంటుంది. దాని చక్కెరలో ఒక ఆక్సిజన్ తక్కువ. అది రెండు పోగులు, ఇది మామూలుగా ఒకటే పోగు. నాకు ఆ రెండో తేడా బాగా నచ్చింది. ఆక్సిజన్ తక్కువైన సంగతి డీఆక్సీ అని పేరులోనే రాసుకున్నది డీఎన్‌ఏ, ఏ లోటూ లేనిది మాది, అయినా ఊరంతా దానికే దండం పెడుతుంది. ఇంత అన్యాయం జరుగుతుంటే చదువుకున్నవాడిగా ఊరుకోకూడదనిపించింది. (చదువుకున్నవాడిని అని నాకు అనిపించిన సందర్భాలు తక్కువ, అందుకే గుర్తుంది.)

రంగుల బంతులు కొనడం మాకిష్టం లేదు. సారు చక్కెర అణువు బొమ్మ గీస్తే అది ఐదు మూలలతో ఉంది. బుల్లెట్ దాన్ని చాలాసేపు చూసి, బెండకాయ కోస్తే గిట్లనే ఉంటది గద సార్ అన్నాడు. కోసి చూస్తే అచ్చం అలాగే ఉంది. బెండకాయ బిళ్లలు ఎండబెట్టి చక్కెరలు చేశాం. ఒక్కో బిళ్ల మీద ఒక గురిగింజ అంటించాం, డీఎన్‌ఏకు లేని ఆక్సిజన్ అదే. ఫాస్ఫేటుకు కుంకుడు గింజలు. క్షారాల్లో పెద్దవి రెండూ, అడినిన్‌కు గింజలు ఒలిచిన మక్క కంకి బిళ్ల, గ్వానిన్‌కు ఎండిన పత్తి కాయ. చిన్నవి రెండూ, సైటోసిన్‌కు పసుపు కొమ్ము, యురాసిల్‌కు ఎండు మిరపకాయ. మిరపకాయ దగ్గర ఎవరూ ఆలోచించలేదు. మిర్చికి పేరుపడ్డ మహబూబాబాద్‌లో ఒక దండకు ప్రత్యేకత తేవాల్సి వస్తే ఇంకేం వాడతారు. ఇవన్నీ గుచ్చడానికి తాడు బుల్లెట్ వాళ్ల దాదా, అంటే వాళ్ల నాయిన తండ్రి, ఇచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లలో మంచాల నులకా, ఎడ్ల పగ్గాలూ ఆయన చేతి మీదనే పోయేవి. మాకు కావలసింది పేనని ఒంటి పురి అంటే, అది తాడు కాదు, తాడుకు ముందు సంగతి అని గొణుగుతూనే గోగునారతో సన్నగా తీసి ఇచ్చాడట.

దండ తయారైనాక మైనస్ సారు వచ్చి చూశారు. చుట్టూ తిరిగి, వంగి, కింద కూడా చూసి, మిగిలిన సగం ఏది అని అడిగారు. ఆకుల సారు వినబడనంత మెల్లగా, అంతే సార్, ఆర్‌ఎన్‌ఏ ఒక్క పోగే అన్నారు. మైనస్ సారు, పోటీకి సగం చేసి తీసుకుపోతారా, రేపటికల్లా రెండో పోగు ఉండాలె అని చెప్పి వెళ్లిపోయారు. ఆయన వెనక్కి తిరిగినాక ఆకుల సారు జేబులోంచి ఆకు తీసి, దాన్ని చూస్తూ, "ఒక్క పోగే పోవాలె బిడ్డా" అన్నారు. ఆ మనిషి నోట ఎదురు మాట రావడం మేము అదే మొదటిసారి వినడం, అదీ ఒక ఆకుకు చెప్పారు. ఆ సాయంత్రమే దండను గోనెసంచిలో పెట్టుకుని మేమిద్దరం వాడి తండాకు బయలుదేరాం. రేపటికల్లా అన్న రేపు రాకముందే జనగామ బస్సు ఎక్కాలని మా పథకం.

పొద్దున్నే స్నానాలు చేసి, వాడి యాడి, అంటే వాళ్లమ్మ, పెట్టిన జొన్న రొట్టెలు తిని (బుల్లెట్ తింటుండగానే నేను ఇల్లంతా చూసి వచ్చాను), సంచి కోసం వాకిట్లోకి వెళ్తే సంచి ఖాళీగా ఉంది. మా ఆర్‌ఎన్‌ఏ పందిరి గుంజకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. ఒంటి పోగు కాదు. సగానికి మడిచి, రెండు సగాలూ కలిపి, బిగించి పేనిన పెద్ద తాడు. పక్కన దాదా అరిచేతులు తుడుచుకుంటూ, పని ముగించిన మనిషి సంతోషంతో కూర్చుని ఉన్నాడు.

"ఏంది దాదా గిది" అన్నాడు బుల్లెట్.

"ఒంటి పురిని గట్లనే పట్టుకపోతరా బేటా. నడుమ తెగితే నా పేరే చెప్తరు. మంచిగ తడిపి, మడిచి, పేనిన. నీ కాయలు రాలిపోకుండ లోపటికి ఒత్తిన. ఇగ దున్నపోతును కట్టినా తెగదు."

"మాకు ఒంటి పురే గావాలె దాదా."

"ఒంటి పురి దేనికి పనికొస్తది?"

"ప్రోటీన్లు చేసేతందుకు" అన్నాను నేను. దాదా నన్ను జాలిగా చూసి, నీ దోస్తుకు జరమొచ్చిందా ఏంది అని మనవణ్ణి అడిగాడు.

ప్రిన్సిపాల్ ఆర్డరు వేసినా కాని పని దాదా ప్రేమతో చేసేశాడు. విప్పుదామంటే నార తడి మీద బిగుసుకుపోయింది, బస్సు రోడ్డు మీద హారన్ కొడుతోంది. తాడును ఒళ్లో పెట్టుకుని తొర్రూరు మీదుగా బయలుదేరాం. కండక్టరు టికెట్ కొడుతూ, దుకాణానికి కట్టే దిష్టి తాడా అని అడిగాడు. బుల్లెట్ ఏడవలేదు గానీ, ఏడిస్తే ఎలా ఉంటాడో తెలిసిపోయింది. నాకు చేయడానికేమీ లేక ఒక కొసన వేలు పెట్టి తాడు వెంబడి పోనిచ్చాను. వేలు బెండకాయ, కుంకుడు, బెండకాయ, కుంకుడు అనుకుంటూ మెలికల్లో పైదాకా పోయింది. పైన దాదా మేకుకు తగిలించడానికి వదిలిన గుండ్రటి మడత దగ్గర మలుపు తిరిగి, మళ్లీ మెలికల్లో కిందికి వచ్చి, రెండో కొసన ఆగింది. ఎక్కడా వేలు ఎత్తాల్సిన పని రాలేదు. అంటే పోగు ఇప్పటికీ ఒక్కటే. తన మీద తాను మడతపడింది, అంతే. ఆకుల సారు చెప్పిన పాఠంలో నేను నిద్రపోతూ విన్న ముక్క అప్పుడు లేచింది. ఆర్‌ఎన్‌ఏ పోగు చాచిన దారంలా పడి ఉండదు, తన మీదికి తానే మళ్లుతుంది, అడినిన్‌కు యురాసిల్, గ్వానిన్‌కు సైటోసిన్ ఎదురుపడిన చోట పట్టుకుంటుంది, కుదరని చోట ఉబ్బెత్తుగా నిలబడుతుంది. చూస్తే మడత కింద మిరపకాయకు ఎదురుగా మక్క బిళ్ల ఉంది, సరే. దాని కింద పత్తి కాయకు పసుపు కొమ్ము, అదీ సరే. ఆ కింద మక్క బిళ్లకు మక్క బిళ్లే ఎదురై రెండూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి, అదీ సరే. బుల్లెట్ ప్రాణం కుదుటపడి, అయితే అన్నీ కుదిరేటట్టు మార్చి కడదాం అన్నాడు. వద్దన్నాను. అన్నీ కుదిరితే మళ్లీ డీఎన్‌ఏ అంటారు.

జనగామలో మా పక్క బల్ల మీద నిజంగానే డీఎన్‌ఏ ఉంది. మోటారు మీద తిరుగుతోంది, లోపల పెళ్లి మండపం లైట్లు. దాని యజమానులు మా తాడును చూసి, గిది ట్రాక్టర్ కింద పడ్డ డీఎన్‌ఏనా అన్నా అని మర్యాదగా అడిగారు. ఇంతలో న్యాయనిర్ణేతగా, మొదట్లో చెప్పిన కోటు సారు వచ్చారు. ఆయన చదివింది భౌతికశాస్త్రమని తర్వాత తెలిసింది. మా తాడు దగ్గర ఆగి, ముట్టుకుని, చాలా సంతోషపడ్డారు. పంటలతో డీఎన్‌ఏ చేయాలన్న ఆలోచన ఈ హాలులో ఇంకెవరికీ రాలేదన్నారు. కొన్ని జతలు తప్పాయి, బోర్డు మీద పేరు కూడా తప్పు రాశారు, అవి సరిచేసుకోండి, భోజనాల తర్వాత మళ్లీ వస్తాను, నా మట్టుకు మొదటి బహుమతి దీనికే అన్నారు.

మా బోర్డు మీద ఆర్ తీసి డీ రాస్తే చాలు, ఒక్క అక్షరం. బుల్లెట్ చేతిలో అప్పటికే సుద్దముక్క ఉంది. (వాడు జీవితంలో అంత వేగంగా కదలడం అదొక్కసారే.) మా ల్యాబు ఆ సుద్దముక్క చివర ఉంది. తిరిగే ఫ్యానూ, పనిచేసే సూక్ష్మదర్శినీ, ఇటుకల్లాంటి ఉల్లిపొరా అన్నీ. మార్చేస్తే అయిపోయేది. కానీ చూసి నమ్మే గదిని కాపాడుకోవడానికి, చూసినదాన్ని కాదని రాయడం నాకు ఎక్కడో గుచ్చుకుంది. (ఇంత గంభీరంగా అప్పుడే ఆలోచించానో లేదో చెప్పలేను. ఆకలి వల్ల కూడా మొండితనం వస్తుంది.)

"సార్, దీంట్ల మిరపకాయ ఉన్నది" అన్నాను.

"ఉంటే?"

"మిరపకాయ యురాసిల్ సార్. డీఎన్‌ఏల యురాసిల్ ఉండదు. బెండకాయ మీద గురిగింజ సూడుండ్రి, గా ఆక్సిజన్ కూడ దానికి ఉండదు. బోర్డు తప్పు కాదు. గిది ఆర్‌ఎన్‌ఏనే."

కోటు సారు చుట్టూ చేరినవాళ్లను చూసి చిన్నగా నవ్వారు. "మరి రెండు పోగులెందుకున్నాయయ్యా? ముందు కాస్త శుభ్రమైన తెలుగులో చెప్పు."

అందరూ నవ్వారు. అలాంటి నవ్వు మాకు కొత్త కాదు, సినిమా హాల్లో టికెట్ కొని మరీ విన్నదే.

"శుభ్రంగనే ఉన్నది సార్, పొద్దుగాల్నే తానం చేసినం. రెండు పోగులు లేవు, ఒక్కటే ఉన్నది, మడతపడ్డది. మీరు గీ కొస పట్టుకోండ్రి, నేను గా కొస పడుత. రెండో పోగు దొరికితే బోర్డు మారుస్త."

ఆయన పట్టుకున్నారు, అది ఆయన పెద్దమనసు. నేను రెండో కొస పట్టుకుని వెనక్కి నడిచాను. మధ్యలో మడత పట్టుకున్న బుల్లెట్ దాన్ని వదిలేశాడు. దాదా పేనిన పురి, పైగా అప్పటికి తడి ఆరింది, ఊరుకుంటుందా, గిర్రున తిరుగుతూ విప్పుకుంది. దాంతో పాటు మిరపకాయలు కూడా గిర్రున తిరిగాయి. వాటి గింజలూ ఘాటూ హాలంతా సమానంగా పంచబడ్డాయి. ముందు కోటు సారు తుమ్మారు, తర్వాత ట్రాక్టరు అన్నవాడు తుమ్మాడు, తర్వాత ఎవరు ఎవరికంటే ముందు తుమ్మారో చెప్పడం కష్టం. ఆ తుమ్ముల మధ్యనే తాడు మా బల్ల దాటి, డీఎన్‌ఏ బల్ల దాటి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కటే పోగుగా నిటారుగా సాగింది. దాదా మాట నిజమే, తెగలేదు. బెండకాయలకు మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. అవన్నీ పటపటమని పొడై రాలాయి, వాటికి కట్టిన కంకులూ, పత్తికాయలూ, పసుపు కొమ్ములూ నేల మీద దొర్లాయి. మా చేతుల్లో మిగిలింది గోగునారా, కాసిన్ని కుంకుడు గింజలూ.

కోటు సారు ముక్కు తుడుచుకుని తాడును ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశారు. "ఒక్కటే పోగు. ఒప్పుకుంటున్నాను. కానీ నేను మార్కులు వేయాల్సిన మోడల్ ఏదయ్యా?"

"పనైపోయింది సార్. ఆర్‌ఎన్‌ఏ గంతే, ఎక్కువసేపు ఉండది. చెప్పాల్సింది చెప్పి పోతది."

ఆయన నవ్వారు, ఈసారి నన్ను చూసి కాదు, నాతో. మొదటి బహుమతి మాత్రం మోటారు డీఎన్‌ఏకు ఇచ్చారు. నేలను ఊడ్చే పని మాకు ఇచ్చారు.

మర్నాడు మైనస్ సారు ప్రైజేదంటే రాలేదన్నాం, మోడలేదంటే గోనెసంచి చూపించాం. ఆయన మాట తప్పని మనిషి, మధ్యాహ్నానికే బస్తాలు ల్యాబులోకి వచ్చాయి. గోడ నుంచి గోడ దాకా, బల్లలు కనబడకుండా సర్దించారు. ఆకుల సారు గుమ్మం దాకా వచ్చారు. ఒక్క పోగే చూపించినవా అని నన్ను అడిగారు. చూపించినం సార్ అన్నాను. ఆయన లోపలికి వెళ్లి, పనిచేసే సూక్ష్మదర్శినిని బీరువాలోంచి తీసి, అన్నిటికంటే పైనున్న బస్తా మీద పెట్టి, ఇయ్యాల ప్రాక్టికల్ ఉన్నది, ఎక్కుండ్రి అన్నారు. మేమంతా ఎక్కాం. మైనస్ సారు వచ్చేసరికి బైపీసీ సెక్షను మొత్తం పైకప్పు దగ్గర కూర్చుని ఉల్లిపొర తీస్తోంది. దిగండని ఆయన అరిచారు.

"బియ్యం పెట్టమన్నరు సార్, పెట్టినం. మమ్ముల పొమ్మనలేదు గద" అన్నాను నేను పైనుంచి.

ఆయన బేరాన్ని మనసులో మొదటి నుంచి చివరి దాకా లెక్క వేసుకుని, ఎక్కడా మైనస్ దొరక్క వెళ్లిపోయారు. ఆ ఏడంతా ప్రాక్టికల్స్ అలాగే జరిగాయి. హాస్టలు వాళ్లు తింటున్న కొద్దీ మేము మెల్లగా నేలకు దిగేవాళ్లం, కొత్త లోడు రాగానే మళ్లీ పైకప్పుకు చేరేవాళ్లం. పైగా అంతకుముందు మా ల్యాబులో ప్రాణమున్నది ఒక్కటీ ఉండేది కాదు, సీసాల్లో ఉన్నవన్నీ మాకంటే ముందు తరం. బియ్యం వచ్చాక పురుగులు వచ్చాయి. అద్దం కింద పెడితే కాళ్లతో, ముక్కుతో, కోపంతో సహా కనబడేవి.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఒక కాలేజీలో జీవశాస్త్రం చెబుతున్నాను. మా ల్యాబులో బల్లలున్నాయి, అన్ని సూక్ష్మదర్శినులకూ అద్దాలున్నాయి, ఆర్‌ఎన్‌ఏ పేజీ గంట కొట్టకముందే వచ్చేలా చూసుకుంటాను. తనిఖీకి ఎవరైనా వచ్చి ఏదైనా తప్పు చెబితే, నిజం చెప్పొద్దూ, సార్ సార్ అంటూ తలూపడం కూడా వచ్చేసింది. సుద్దముక్క ఇప్పుడైతే నేనే అందుకుంటానేమో. బస్తాల మీద కూర్చుని ప్రిన్సిపాల్‌కు పైనుంచి జవాబు చెప్పే ఆ పిల్లవాడు నా క్లాసులో ఉంటే కచ్చితంగా బయట నిలబెడతాను. బయట నిలబెట్టి, పాఠం కాసేపు ఆపి, వాడు వరండాలో ఎవరితో ఏం వాదిస్తున్నాడో కిటికీ పక్కన నిలబడి వింటాను.